పుట్టిన యేటికి తిరిగివచ్చు చేప



స్కాట్లండు దేశమున టే అను నది యొకటి కలదు. బ్రిటను దీవియందలి నదులన్నిటిలో సముద్రమునకు అత్యధిక జలరాశిని కొనిపోవునది అదియే. అయినను గౌతమీతీరమున పుట్టి పెరిగిన నాబోటి వాని కన్నులకు అది మన వరదగోదావరి ప్రక్కన పంటకాలువ వంటిది. ఆ యేటియొడ్డున, కాపుత్ అను చిన్నపల్లెకు సమీపమున, ఒక సెప్టెంబరు మాసాంతమున నేను ఆఱు దినములు నడుములోతు చన్నీళ్ళలో నిలుచుండి గాలము వేసితిని. సోమవారము మొదలు శుక్రవారము వఱకు నాకొక్క చేపయైనను తగులలేదు. తగిలినను దానిని ఇంటికి తెచ్చుకొను ఆశ లేదు. పట్టిన చేపను పట్టిన చోటనే విడిచిపెట్టవలెనన్నది అచ్చటి నియమము. ఇంత దూరము పోయి, ఇంత ధనము వెచ్చించి, తినుటకు గాని తెచ్చుటకు గాని వీలులేని చేపకొఱకు చలిలో నిలుచుంటివా యని మిత్రులు నన్నడిగిరి. వారికి ఆనాడు రెండు మాటలలో సమాధానము చెప్పలేకపోతిని. నేడు ఆకాశవాణి నాకొసగిన ఈ కొలదిపాటి వ్యవధిలో చెప్పుటకు యత్నించెదను.

నేను గాలము వేసిన ఆ చేప సాల్మన్; అది రెండు లోకముల ప్రాణి. అట్లాంటిక్ సాల్మన్ శరత్తు కడపట, కొండవాగుల గులకరాళ్ళ నడుమ జీవితము నారంభించును. ఆడుచేప ప్రక్కకు ఒరిగి, తోకతో రాళ్ళను కొట్టికొట్టి గుంట చేసి, అందు గ్రుడ్లు విడిచి, మగచేప వానిని ఫలవంతము చేసిన పిమ్మట, కొంచెము ఎగువన మరల రాళ్ళను కదల్చి ఆ గుంటను కప్పివేయును. తల్లి బరువున కిలో యొక్కింటికి వేయికి పైబడి గ్రుడ్లుండును. శీతకాలమంతయు ఆ గ్రుడ్లు రాళ్ళసందులలో పాఱు చల్లని నీటినే ఊపిరిగా గొని, వసంతమున చిట్లి, పొట్టక్రింద సొనసంచిని మోయు పిల్లలగును. సంచి తరిగిన పిదప ఆ పిల్లలు పైకివచ్చి, నీటిపురుగులను తిని, ప్రక్కలందు వ్రేలిముద్రలవంటి మచ్చలతో సాధారణముగా రెండు మూడేండ్లు ఆ వాగులోనే పెరుగును. అంతట ఒకానొక వసంతమున వాని స్వభావమే మారిపోవును: మచ్చలు మాసి వెండిపూత వచ్చును; మంచినీటికి అలవడిన దేహము ఉప్పునీటికి సిద్ధపడును; అంతవఱకు ప్రవాహమునకు ఎదురు నిలిచినవి ప్రవాహము వెంట దిగువకు సాగును. జానెడైనను లేని ఆ చేపలు సముద్రము చొచ్చి, ఫారో దీవుల పరిసరములకును, కొన్ని గ్రీన్లాండు పశ్చిమతీరము వఱకును పోయి, అచ్చటి చల్లని జలములందలి సమృద్ధమైన ఆహారముచే బలిసి, ఒక శీతకాలమో, రెండో, అరుదుగా అంతకు మించియో గడపి, తాము పుట్టిన నదికే, తఱచుగా తాము పుట్టిన వాగునకే తిరిగివచ్చును. వచ్చుదారిలో మనుష్యుని ఎత్తునకు రెట్టింపు ఎత్తుగల జలపాతములను సైతము ఎగిరి దాటును. గ్రుడ్లు పెట్టిన తరువాత చాలవఱకు చనిపోవును. ఏ కొన్నియో మాత్రమే బక్కచిక్కి మరల సముద్రము చేరి, మఱియొకమాఱు తిరిగివచ్చును.

ఇంతటి మహాసముద్రమున తన వాగు నోరెక్కడ నున్నదో ఆ చేప కెట్లు తెలియును? అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన ఆర్థర్ హాస్లర్ చాలకాలము ఈ ప్రశ్నతో సతమతమయ్యెను. ఆయన ఒకమాఱు తన బాల్యము గడచిన యూటా రాష్ట్రపు కొండలలో నడచిపోవుచుండగా, ఇంకను కంటబడని జలపాతము వైపునుండి నాచువాసనయు పూలవాసనయు కలసి ముక్కునకు సోకెను. సోకినంతనే మఱచిపోయిన చిన్ననాటి చెలికాండ్రు జ్ఞప్తికి వచ్చిరి. తొలకరి చినుకు పడినప్పుడు మన ఊరి మట్టివాసన మనకేమి చేయునో ఆ వాసన ఆయనకు అదియే చేసినది. చేపకును ఇంతే కావచ్చునుగదా యని ఆయనకు తోచెను. పిమ్మట వాషింగ్టన్ రాష్ట్రపు ఇస్సక్వా అను వాగు రెండుగా చీలిన తావున, ఒక్కొక్క పాయనుండి సాల్మన్ చేపలను పట్టి, కొన్నిటి ముక్కులను దూదితో మూసి, కొన్నిటిని అట్లే యుంచి, అన్నిటిని చీలికకు దిగువన విడిచి చూచిరి. ముక్కు తెఱచియున్నవి చాలవఱకు తమ పాయకే పోయెను. మూసియున్నవి దారి తెలియక ఏ పాయకు బడితే ఆ పాయకు పోయెను. ప్రతి యేటికి దాని మట్టిచేత, రాతిచేత, గట్టుమీది చెట్టుచేమలచేత ఏర్పడిన ఒక వాసన కలదనియు, చేపపిల్ల దానిని మనసున ముద్రించుకొని సముద్రమునకు పోవుననియు ఈ విధముగా స్థిరపడినది.

ఈ చేపకును దాని యేటికిని గల బంధము ఎంతటిదో టాస్మేనియా దీవి కథ తెలుపును. బ్రిటనునుండి పోయి ఆ దీవిలో స్థిరపడినవారు తమ సాల్మన్‌ను అచ్చటి నదులలో చూడగోరి, 1864లో నార్ఫోక్ అను ఓడమీద వేలకొలది సాల్మన్ గ్రుడ్లను, వానితోపాటు కొలదిగా ట్రౌట్ గ్రుడ్లను, నాచులో పొదిగి, మంచుగడ్డల నడుమ పెట్టెలలో నుంచి, భూమధ్యరేఖ దాటించి కొనిపోయిరి. మూడు మాసముల ప్రయాణము! ప్లెంటీ అను వాగుచెంత త్రవ్విన చెఱువులలో గ్రుడ్లు పిల్లలయ్యెను. పిల్లలు పెరిగి వెండిరంగు పొందెను. పెరిగినవానిని నదిలో విడిచిరి. అవి సముద్రమునకు పోయెను. ఒక్కటియు తిరిగివచ్చి ఆ నదులలో సంతతిని నిలుపలేదు. నదిని విడిచిపోని ట్రౌట్ మాత్రము ఆ దీవియంతట వ్యాపించెను. సాల్మన్‌కు నీరు మాత్రమే చాలదు. పోవుటకొక సముద్రము, వచ్చుటకొక దారి, ఆ రెంటిని వేల తరములుగా నేర్చిన వంశము కావలెను. ఆ దారి ఒకచోట తెగినచో డబ్బుపెట్టి కొని అతికింప వీలులేదు.

ఇక గాలము మాట. నదిలో ప్రవేశించినది మొదలు సాల్మన్ ఆహారము ముట్టదు. సముద్రమున కూడబెట్టిన కొవ్వుతోనే మాసములు గడపును. ఆకలిలేని చేప ఎర నేల పట్టవలెను? కోపముచేతనో, వాగులో పురుగులను పట్టిన చిన్ననాటి అలవాటుచేతనో యని పెద్దలు వాదించుచునే యున్నారు. చిన్నతనమున లంకలో మా మేనమామ ప్రక్కన కూర్చుండి, వెదురుకఱ్ఱకు దారము కట్టి, వానపామును గ్రుచ్చి, బెండు మునుగుటకై కన్నార్పక చూచినవాడను నేను. అచ్చట చేప ఆకలియే మాకు సహాయము. ఇచ్చట ఆ సహాయము లేదు. ఈకలతోను దారములతోను కట్టిన ఈగవంటి బొమ్మను పదునైదడుగుల కఱ్ఱతో ఏటికి అడ్డముగా విసరి, ప్రవాహము దానిని త్రిప్పుకొనివచ్చువఱకు నిలిచి, ఒక అడుగు దిగువకు వేసి మరల విసరవలెను. గట్టున చెట్లు దట్టముగా నున్నచోట దారమును వెనుకకు విసరుటకు వీలుపడదు గనుక, నీటిమీదనే దానిని చుట్టి ముందునకు త్రోయు ఉపాయమొకటి ఉత్తరమున స్పే నదీతీరమువారు కనుగొనిరి. నాకది అలవడుటకు మూడుదినములు పట్టినది. ఆ తీరమున గాలమువాండ్రకు తోడుండు ఏటికాపరిని గిల్లీ యందురు. నాకు తోడుగా నుండిన వృద్ధుడు ఏ రాతివెనుక ఏ నీటిమట్టమున చేప నిలుచునో ఎఱిగినవాడు. అయిదు దినములు చేప పడకున్నను ఆయన ముఖమున విసుగు నేను చూడలేదు.

నేను నిలిచిన తావునకు సమీపముననే, 1922 అక్టోబరు 7వ తేదీ సాయంకాలమున, జార్జీనా బాలంటైన్ అను యువతి, తండ్రి పడవ నడుపుచుండగా గాలమునకు పడిన చేపతో రెండు గంటలకు పైగా పెనగులాడి, చీకటిలో దానిని గట్టునకు చేర్చెను. దాని బరువు 64 పౌనులు, అనగా ఇంచుమించు 29 కిలోలు. బ్రిటనులో గాలమునకు పడిన సాల్మన్‌లలో దానిని మించినది నేటికిని లేదు. ఆ చేపను పెర్త్ పట్టణపు వైద్యశాలలోని రోగులకు ఆహారముగా పంపిరట. అటువంటి చేపలు ఆ కాలమున తఱచుగా కాకున్నను అప్పుడప్పుడు వచ్చుచుండెడివి. ఇప్పుడు అందులో సగము బరువుగల చేప పడినను ఏటిగట్టు పొడవున వార్త యగును.

తగ్గినది బరువు మాత్రమే కాదు. స్కాట్లండులో గాలమునకు పడిన సాల్మన్‌ల లెక్క 1952 నుండి వ్రాయుచున్నారు. 2010లో ఆ లెక్క లక్ష దాటినది. 2023లో ముప్పదిమూడువేలకును లోబడినది. లెక్కలు మొదలైన నాటినుండి అంత తక్కువ ఎన్నడును లేదు. ఆ సంవత్సరముననే ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘము బ్రిటనునందలి సాల్మన్‌ను అపాయమున పడిన జాతులలో చేర్చినది.

కారణములనేకములు, అందు మొదట బయటపడినది గ్రీన్లాండు వలలు. ఐరోపా, అమెరికా నదుల చేపలన్నియు కలసి మేయు పచ్చికబీడువంటి ఆ సముద్రభాగము పెద్దవలల వారికి తెలిసినది మొదలు, పట్టుబడి ఏటేట పెరిగి, 1971లో సుమారు 2,700 టన్నులైనది. ఏ నది చేప ఏ వలలో పడుచున్నదో వేరుపఱుపలేని ఆ పట్టుబడిలో, నదీతీరమున ఎంత జాగ్రత్తగా కాచినను ప్రయోజనమేమి? 1983లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక, తీరమునకు పండ్రెండు నాటికల్ మైళ్ళ కవతల సాల్మన్‌ను పట్టుటను సాధారణముగా నిషేధించినది. కాని తీరజలములలోని వలలు, దేశదేశమునకు కేటాయించిన పరిమాణములు మిగిలియే యుండెను.

ఇచ్చట ఒక మహనీయుని పేరు చెప్పక తప్పదు. ఓర్రి విగ్ఫూసన్ ఐస్లాండు ఉత్తరతీరమందలి సిగ్లుఫ్యోర్దుర్ అను ఊరిలో 1942లో జన్మించెను. ఆ ఊరు హెర్రింగ్ చేపలమీద బ్రతికిన ఊరు. 1960ల చివర ఆ చేప మాయమైనప్పుడు పడవలు ఒడ్డునకెక్కి, జనులు వలసపోవుటను ఆయన కన్నులార చూచెను. పెరిగి వర్తకుడై, సాల్మన్ గాలముపై మక్కువగలవాడై, తన నదులలో చేప తగ్గుట చూచి, 1989లో ఉత్తర అట్లాంటిక్ సాల్మన్ నిధిని స్థాపించెను. ఆయన వలవాండ్రను దొంగలని నిందింపలేదు. ప్రభుత్వములను పట్టుకొని వారి వలలను లాగుకొనుడని కోరలేదు. మీ హక్కు మీకు చట్టము నిచ్చినది, దానికి వెల కట్టుడు, మేము కొనెదమని వారితో కూర్చుండి బేరమాడెను. 1991లో ఫారో దీవుల జాలరులు ఒప్పుకొనిరి. 1993లో గ్రీన్లాండువారు ఒప్పుకొనిరి. ఇచ్చిన ధనముతో కొందఱు వేఱు చేపల వేటకును, పీతల వేటకును మరలునట్లు తోడ్పడెను. 2003లో ఇంగ్లండు ఈశాన్యతీరమున కొట్టుకొనిపోవు వలలు వేయువారిలో అధికసంఖ్యాకులు పరిహారము గైకొని విరమించిరి. ఆయన 2017లో దివంగతుడయ్యెను. జాలరి పొట్టకొట్టి చేపను రక్షించెదమను వారిని నేను నమ్మను. అట్టి రక్షణము చీకటిపడగానే దొంగవలగా మారును. ఓర్రి మార్గమే న్యాయమైన మార్గమని నా దృఢవిశ్వాసము.

వలలు తగ్గినను చేప పెరుగలేదేమని మీరడుగవచ్చును. సముద్రము వేడెక్కుచున్నది, మేత స్థానము తప్పుచున్నది. దానికితోడు 1970 ప్రాంతమున నార్వే తీరమున మొదలై, ఇప్పుడు ఎన్నియో సముద్రపుపాయలలో వ్యాపించిన సాల్మన్ పెంపకము వచ్చిపడినది. ఒక్కొక్క వలదొడ్డిలో లక్షలకొలది చేపలను క్రిక్కిరియ పెంచునప్పుడు వానిని పట్టు సముద్రపు పేలు మితిమీరి పెరిగి, ప్రక్కనుండి సముద్రమునకు పోవు అడవిచేపల పిల్లలను పీల్చివేయును. దొడ్డి చిరిగినచో తప్పించుకొన్న పెంపుడుచేపలు నదులెక్కి అడవిచేపలతో జతకట్టి, వేల తరముల నేర్పును పలుచన చేయును. 2023 ఆగస్టులో ఐస్లాండు పశ్చిమతీరమున ఒక దొడ్డినుండి సుమారు 3,500 చేపలు తప్పించుకొనగా, నదులలో వానిని వెదకి ఈటెతుపాకులతో పొడుచుటకు నార్వేనుండి ఈతగాండ్రను పిలిపింపవలసివచ్చెను. ఆ నార్వేలోనే 2024 జూనులో, తిరిగివచ్చిన చేపలు మిక్కిలి తక్కువగా నున్నవని, 33 నదులలో వేటకాలము నడుమనే గాలము నిలిపివేసిరి.

ప్రయాణము చేయు గాలమువాడును నిర్దోషి కాడు. బాల్టిక్ ప్రాంతపు పెంపకపు చెఱువులనుండి 1970లలో నార్వేకు చేరిన ఒక సూక్ష్మమైన పరాన్నజీవి, అర మిల్లీమీటరు పొడవైనది, అచ్చటి చేపపిల్లల చర్మమును తినివైచి యాబది నదులను పాడుచేసినది. తడిబూటులోను, తడివలలోను అది నదినుండి నదికి పోగలదు. అందువలన ఐస్లాండులో దిగు యాత్రికుడు తన కఱ్ఱను, దారమును, బూటులను మందునీట కడిగించినట్లు చూపవలెను. ఈ కడుగుడు కొందఱకు చికాకు కలిగించును. దేవాలయమున ప్రవేశించుటకు ముందు కాళ్ళు కడుగుకొను మనకు ఇది కష్టమనిపింపరాదు.

పట్టి విడుచుట హింస కాదా యని మనవారు కొందఱు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. గాలము చేపకు బాధ కలిగించుననుటలో సందేహము లేదు. ముల్లు లేని కొక్కెము వాడి, చేపను నీటినుండి పైకెత్తక, త్వరగా విడిచినచో చల్లని నీటిలో అది బ్రతుకును. నీరు వెచ్చబడినప్పుడు బ్రతుకుట కష్టము. కెనడాలోని మిరమిషీ నదిలో, రాత్రులందు సైతము నీటివేడి 20 డిగ్రీలకు దిగని దినములలో, చేపలు చేరు చల్లని మడుగులను మూసివేయుదురు. ఈ నియమములకు లోబడనివాడు గాలము పట్టరాదు. కాని నేను గమనించిన మఱియొక సంగతి చెప్పవలెను. ఐస్లాండులో నదీలోయయందలి రైతులందఱు చట్టప్రకారము ఒక సంఘమై, ఆ నదిలో ఎన్ని కఱ్ఱలు దిగవచ్చునో నిర్ణయించి, ఆ హక్కును అద్దెకిత్తురు. గొఱ్ఱెలు మేపుకొను ఆ రైతునకు ఏటిలో ఎగిరిపడు సాల్మన్ పంటయంత విలువైనది. గాలమువాడు ఏటేట వచ్చునంతవఱకు ఆ యేటిలో మురికి కలుపుటకు గాని, అడ్డుకట్ట వేయుటకు గాని ఆ లోయ సులభముగా ఒప్పుకొనదు. దూరదేశమునుండి వచ్చి ధనమిచ్చి చేపను విడిచిపోవువాడు వెఱ్ఱివాడు కాడు. ఆ చేపకు ఏట బ్రతుకు హక్కున్నదని తన ధనముచే సాక్ష్యమిచ్చుచున్నాడు.

అడ్డుకట్ట మాట వచ్చినది. టే నదికి ఉపనదియైన టమ్మెల్ మీద పిట్లోక్రీ యొద్ద విద్యుత్తు కొఱకు కట్టిన ఆనకట్ట ప్రక్కన, చేపలకొఱకు 34 నీటితొట్లతో, 310 మీటర్ల పొడవున ఒక మెట్లదారి నిర్మించిరి. నేను గురువారమునాడు కొంతసేపు గాలము మాని అచ్చటికి పోయితిని. అద్దపుగోడ వెనుక ఒక చేప ప్రవాహమునకు ఎదురుగా, చలింపనట్లే కనబడుచు, ఒక ఘడియ నిలిచి, ఒక్క విదలింపుతో పై తొట్టికి పోయెను. నిలిచి చూచుచున్న చిన్నపిల్లలు చప్పట్లు కొట్టిరి. మఱికొన్నిచోట్ల మెట్లును చాలక కట్టలనే తొలగించిరి. అమెరికాలోని క్లామత్ నదిమీద, తీరవాసులైన ఆదివాసి జాతులు దశాబ్దములు పోరాడిన ఫలితముగా, నాలుగు ఆనకట్టలను 2024 నాటికి పూర్తిగా తీసివేయగా, ఆ యేటి అక్టోబరులోనే, శతాబ్దమునకు పైగా సాల్మన్ కనబడని ఎగువభాగమున సాల్మన్ కనబడెను.

అద్దపుగోడ ముందు నిలిచినప్పుడు నాకు ధవళేశ్వరము మనసున మెదిలినది. మన పులసయు సముద్రమున పెరిగి, వరదనీరు ఎఱ్ఱబాఱినప్పుడు గ్రుడ్లకొఱకు గోదావరి నెక్కు చేపయే. సముద్రమున అది విలస; ఏటినీరు త్రాగి పులస. పుస్తెలమ్మియైనను తినవలెనని దాని రుచిని పొగడినవారము, దాని దారిని గూర్చి ఎన్నడైన అడిగితిమా? 1852లో పూర్తియైన కాటను దొరగారి ఆనకట్ట లక్షల ఎకరములకు నీరిచ్చి మా ఇంటి గాదెలు నింపినది. ఆ ఋణము నేను మఱచువాడను కాను. కాని ఎగువకు పోవు పులస దారికి అడ్డముగా నిలిచినదియు ఆ ఆనకట్టయే. రొయ్యకును కొఱమేనుకును చెఱువులు త్రవ్వి శాస్త్రము నేర్చిన మన జిల్లాలవారు, శ్రావణ భాద్రపదములలో గ్రుడ్లతో ఎక్కివచ్చు పులసకు ఏటిలో కొన్ని దినములైనను వలలేని దారి విడువవలెనని నా ప్రార్థన. ఆ దినములకు జాలరి కూలిని, ఓర్రి చేసినట్లు, తినుటకు వేలు వెచ్చించు మనమే భరింపవలెను.

శనివారము మధ్యాహ్నము నా దారము బిగిసినది. అరగంట గడచినది. ఆడుచేప, ఆఱేడు కిలోలుండును. వెండిరంగు మాసి రాగిరంగు తిరుగుచున్నది. పొట్ట గ్రుడ్లతో నిండియున్నది. వృద్ధుడు నీటిలోనే కొక్కెము తీసి, దాని తల ప్రవాహమునకు ఎదురుగా నుంచి, క్రింద చేయిపట్టి నిలువుమని నాకు చెప్పెను. మొప్పలు నెమ్మదిగా ఆడినవి. నా అరచేతిలో దాని బరువు క్షణక్షణమునకు తగ్గుచు, అదే తన బరువును తాను మోయుచున్నట్లు నాకు తెలిసినది. పిమ్మట తోక ఒక్కమాఱు కదలి, చేప ఎగువకు పోయెను.

మఱునాడు ఆదివారము. స్కాట్లండు శాసనము ననుసరించి ఆ దినమున ఎవ్వరును సాల్మన్‌కు గాలము వేయరాదు. నేను కాపుత్ వంతెనమీద చాలసేపు నిలుచుంటిని. ఏటి పొడవున ఒక్క కఱ్ఱయు లేదు.